ఒకరి ముఖం ఒకరు చూసే పని

సౌదీలోని యాన్బు రేవు నుంచి

లక్ష్మక్కకు తమ్ముడు మల్లేశం దండాలు. నేను మంచిగానే ఉన్నాను. నువ్వూ బావా పిల్లలూ ఎట్లా ఉన్నారు? బావ గురక తగ్గిందా? తగ్గకపోతే ఇక్కడికి పంపించు, రేవులో ఓడ హారన్ పాడైంది. ఫోనులో చెబితే ఆటపట్టిస్తున్నాననుకుంటావని ఇది రాస్తున్నాను.

ఇక్కడ ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. ఆ ఎండలో మేం చేసేది మంచుదేశం పని. సముద్రం గడ్డకట్టే చోట గ్యాసు తీస్తారట. ఆ చలిలో వేళ్లు పనిచేయవు, గ్యాసు కారితే బాగుచేయడం కష్టం. అందుకే పైపులు ఇక్కడే బిగించి, పరీక్ష చేసి, ఓడ ఎక్కిస్తాం. వాటితోపాటు కొందరు అక్కడికి పోయి చలికాలమంతా ఉండాలి. జీతం ఎక్కువని నేనూ పేరిచ్చాను. పోతే ఈసారి కూడా ఇంటికి రాలేను. నీకు చెప్పలేదు, తిట్టుకో.

అక్కడ చలికి ముక్కూ చెంపలూ తెల్లబడి చచ్చుబడతాయట, నొప్పి తెలియదట. ఎవరి ముఖం వాళ్లకు కనబడదు కదా, అందుకని ఇద్దరిద్దరు జతగా ఉండి ఒకరి ముఖం ఒకరు చూస్తుండాలి. మొన్న షెడ్డులో అది నేర్పించారు. నా జత కోరుట్ల గంగారాం, గదిలో నా పక్క మంచం వాడే. నేను ముక్కుకు టూత్‌పేస్టు పూసుకుని నిలబడ్డాను. అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు.

"ముక్కు సంగతి తర్వాత. కండ్ల కింద గింత నల్లగైంది ఏందే అన్నా?"

"ఎండకురా."

"ఎండ నాకు కొడ్తలేదా? చెంపలు లోపలికి వొయినయ్. బువ్వ సగం పారేస్తున్నవ్. ఇంటికెప్పుడు వొయినవ్?"

"నిన్ననే పోయొచ్చిన. నీకు చెప్పుడు మర్సిన."

"పరాష్కాలు బంద్ జెయ్యే. నిన్ను గా మంచుకు నేనైతే తోల్కపోను."

అక్కా, ఇక్కడ మనిషి చేతులే చూస్తారు. నా ముఖం అంతసేపు ఎవరూ చూడలేదు. ముక్కు మీది పేస్టు తుడుచుకుంటుంటే నీ చేతి పచ్చిపులుసు గుర్తొచ్చింది.

తెల్లారి ఫోర్‌మన్ దగ్గరికి పోయి పేరు తీసేయమన్నాను.

"పైసా నహీ చాహియే క్యా?"

"చాహియే సాబ్. పహలే ఘర్."

డబ్బు కావాలి గానీ ముందు ఇల్లు అన్నానక్కా, సెలవు ఇచ్చాడు. దసరాకు ముందే వస్తాను. నిజంగానే, బావను కూడా నమ్మమను.

గంగారాం మాత్రం పోతున్నాడు. వాడికి కొత్త జత ఒక బీహారీ. నిన్న వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. గంగారాం ఎడమ చెంప మీది మచ్చ పుట్టుకతోనే ఉందని, ముక్కు కొస ఎప్పుడూ ఎర్రగా ఉంటుందని, ఆ ఎరుపు పోతే వెంటనే లోపలికి తీసుకుపొమ్మని ఆ బీహారీకి చెప్పాను. గంగారాం పెండ్లిచూపుల్లో కూర్చున్నట్టు సిగ్గుపడ్డాడు.

పెద్దనాయనకు నా దండం చెప్పు. పిల్లలకు ముద్దులు. నాకోసం దేవునికి మొక్కేది ఏమన్నా ఉంటే, ఈ చలికాలం గంగారాం పేరు మీద మొక్కు.

నీ తమ్ముడు
మల్లేశం