కాబోయే అల్లునిపై నేనిచ్చిన ఫిర్యాదు

సిద్దిపేట

సైబర్ నేరాలు చూచు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అక్రమ్ నాకు నకిలీ బిట్‌కాయిన్ అంటగట్టినాడని నేనిచ్చిన ఫిర్యాదును ముగించి, శుక్రవారం అతనిని స్టేషన్‌కు పిలవకుండుట గురించి.

దుబ్బాక బస్సులు ఆగే చోట దర్జీ పని చేసుకొను షబ్బీర్ అను నేను, తమ మెట్లు ఎక్కి దిగి మోకాళ్లు అరిగిననూ, పట్టలేని సంతోషంతో విన్నవించుకొనునది.

1. సెల్‌ఫోన్ దుకాణం అక్రమ్ చేత బిట్‌కాయిన్‌లో చిన్న ముక్క కొనిపించుకొంటిని. అది తన సొంత బ్లాక్‌చైన్ అను లెక్కల చిట్టా మీద కాక, ఎథీరియం అను పరాయి బ్లాక్‌చైన్ మీద ఉన్నదని తెలిసి, నకిలీ అనుకొని తమకు ఫిర్యాదు ఇచ్చితిని.

2. ఆ మాట పడలేక అక్రమ్ రోజూ మా ఇంటికి వచ్చి వివరించినాడు. నా తలకెక్కలేదు. చాయ్ తెచ్చిన నా కూతురు సుమయ్యకు ఎక్కినది.

"అబ్బాజాన్, మన దుకాణంల గుడ్డ బీరువాల పెట్టి, దాని ముక్క చీటీకి కుట్టి గిరాకికి ఇస్తం గదా? చీటీ తెచ్చినోనికే గుడ్డ. గిది గంతే. అసలు కాయిన్ గాడ తాళంల ఉంది, చీటీ గీడ ఎథీరియంల తిరుగుతుంది."

"మరి బీరువా తాళం ఎవని దగ్గర, బేటీ?" అంటిని.

అక్రమ్ తల గోక్కుని, "గదే భయం చాచా. తాళం పెట్టుకున్న కంపెనీని నమ్ముడే" అన్నాడు. మరునాడే ఆ చీటీని మార్పించి, అసలు కాయిన్ నా ఫోన్‌లో వేయించినాడు. భయం దాచని పిల్లవాడు మోసగాడెట్లా అవుతాడయ్యా?

3. ఈలోగా వివరించినవానికీ, విన్నదానికీ మనసు కలిసినది. సుమయ్యే నాతో చెప్పినది. నా ఆనందం ఏమని రాయుదును! వచ్చే శుక్రవారం జుమ్మా నమాజు కాగానే నిఖా. పెండ్లికొడుకు షేర్వానీ నేనే కుట్టుచున్నాను.

4. సరిగ్గా అదే వేళకు విచారణకు రమ్మని తమ స్టేషన్ నుండి అక్రమ్‌కు కబురు వచ్చినది. ఎన్నిసార్లు వచ్చి మొత్తుకొన్ననూ కానిస్టేబుల్ రాజనర్సు గారు, "వాపస్ అంటే గది సారు చేతిలుంటది చాచా" అనుచున్నారు. "నేను మోసపోలే, బాబూ" అంటే, "అల్లుడైండని గట్లంటున్నవ్" అని నవ్వుచున్నారు. ఇంక చెప్పుకొను ఓపిక లేదు.

కావున ఫిర్యాదు ముగించవలెననియు, కుదరనిచో విచారణ శనివారానికైనా జరపవలెననియు ఈ ముసలి తండ్రి మొర తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షబ్బీర్, దర్జీ

మరిచితిని: శనివారం గూడ కుదరదంటే, విచారణ నిఖా అయ్యే ఫంక్షన్ హాల్లనే పెట్టుకోండ్రి సారూ. ఫిర్యాది గాడనే ఉంటడు, ముద్దాయి గాడనే ఉంటడు, నిఖా సాక్షులు ఎట్లాగూ ఉంటరు. మీరు గూడ ఇంత బిర్యానీ తిని పోదురు.