ముందుగదిలో తెర ఎవరూ విప్పకూడదు

రాయగడ పాతబజారులో కాపురముంటున్న కోట్ని సుందరరావు గారి భార్య బుల్లెమ్మ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివిలో ఉండి, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. చదివింది ఐదో క్లాసే. అక్షరాలు వంకరగా ఉన్నాయని, ముసల్దానికి మతి లేదని రేపు ఎవరూ దావా వెయ్యకూడదు. గురువారం విశాఖపట్నంలో నాకు గుండె ఆపరేషను. డాక్టరు భయం లేదన్నాడు. ఆయనకి లేదేమో, నాకుంది. తిరిగొస్తే ఈ కాయితం నేనే చింపుతాను. రాకపోతే దీన్ని అమలు జరిపే పూచీ లక్ష్మీనరసింహం గారిది. కోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, ఎవరి అరుపులకీ జడవరు.

1. ఈ ఇల్లు, కొల్నార రోడ్డులో ఉల్లిపాయల గోదాము మా ఆయన నా పేరున కొన్నవి. ఇంటి వెనక వాటా, మేడ, గోదాము నా పెద్దకొడుకు సూర్యారావుకి. వాడు కష్టపడ్డాడు, కాదనను. కానీ మొన్న గుమాస్తా జగన్‌తో ఫోనులో "అమ్మ ఆస్పత్రికి ఎల్లగానే ముందుగది ఖాళీ సేయించీ, బస్తాలు దింపుదాం" అన్నాడు. గుండె జబ్బేగాని నాకు చెవుడు లేదు నాయనా.

2. ఆ ముందుగది, వీధి గుమ్మం, కరెంటు మీటరుతో సహా, నా మనవరాలు సుజనకి సర్వహక్కులతో రాస్తున్నాను. అది నా చిన్నకొడుకు రఘు కూతురు. రఘు ఘాటీ రోడ్డు ప్రమాదంలో పోయేడు. దానికి మిగిలింది వాడి ల్యాప్‌టాప్ ఒకటి. అదీ మూత విరిగి, బటన్లు పనిచెయ్యక మూలపడింది. పాతసామాన్లోడికి ఇచ్చీమన్నాను. "తెర బాగానే ఉంది మామ్మా, దాన్నెందుకు పారెయ్యడం" అంది. మరలు విప్పి తెర ఊడదీసింది. దానికి సరిపడే బోర్డేదో పోస్టులో తెప్పించి, పాత కంప్యూటరు డబ్బాకి తగిలించింది. నేను తలుపు దగ్గర నిలబడి దేవుళ్లందరికీ మొక్కేను. బొమ్మ వచ్చింది. ఇప్పుడు ఆ తెరమీదే పెళ్లి శుభలేఖలు, ఫ్లెక్సీలు తయారుచేస్తుంది. పెళ్లికొడుకు వాళ్లకి ఒడియాలో, పెళ్లికూతురు వాళ్లకి తెలుగులో. పద్మపూర్ నుంచి కూడా వస్తున్నారు. ఆ గదీ ఆ తెరా పోతే ఆ పిల్ల ఎక్కడ కూచుంటుంది? ఈ దిగులుతోనే నాకు అన్నం దిగడం లేదు.

3. ఫ్రేము తగువు. ఊడదీసిన తెరకి చుట్టూ పట్టు లేదు, అప్పడంలా ఉంది, వేలు తగిలితే పగులుతుందని భయం. సరిపోయే ఫ్రేము ఇంట్లో ఒక్కటే, మా ఆయన ఫోటోది. నేనే దింపి ఇచ్చేను. సూర్యారావు వచ్చి చూసి "నాన్నని దింపీసి ఏటిది, టీవీ పెట్టేరా?" అని వీధంతా వినపడేలా అరిచేడు. విసురుగా వెళ్లబోతే గుమ్మంలో చెప్పులు కూడా కనపడనంత కోపం వాడికి. నా ఆఖరి మాట రాస్తున్నాను. ఫ్రేము సుజనది. ఫోటో సూర్యారావుది, పూజగదిలో పట్టు తువ్వాల్లో చుట్టి ఉంది, దానికి వాడికి నచ్చిన కొత్త ఫ్రేము కట్టించుకోవచ్చు. గోడమీద ఉన్నన్నాళ్లూ ఆయన ఎదుటి బల్లిని చూసేరు. పనిచేసుకునే పిల్లకి ఆయన ఫ్రేము ఇస్తే ఆయనకేం తక్కువవదు.

4. సూర్యారావు గాని, వాడి మనుషులు గాని ఆ తెర ఒక్క మర విప్పినా, సుజనని ముందుగదిలోంచి లేపినా, గోదాము కూడా సుజనదవుతుంది. ఇలా రాయొచ్చా అని లక్ష్మీనరసింహం గారిని మళ్లీ మళ్లీ అడిగేను. రాయొచ్చన్నారు.

5. సుజనా, అమ్మీ, నీకు కొన్ని జాగ్రత్తలు. పాత ల్యాప్‌టాప్ చార్జరు ఆ తెర బోర్డుకి గుచ్చకు, పిన్ను ఒకటేగాని కరెంటు ఎక్కువ, బోర్డు మాడుతుందని నువ్వే చెప్పేవు. ఆ చార్జరు నేను బియ్యం డబ్బాలో దాచేను. వెనకనున్న పల్చటి పట్టీ వైరు లాగకు. ఉరుములొస్తే ప్లగ్గు పీకు. దసరాకి పసుపు కుంకుమ ఫ్రేము చెక్కకే పెట్టు, తెరకి తడి తగలనివ్వకు. పక్క కరెంటు సామాన్ల కొట్టు దేబాశిష్ వైర్లు చూసి "దీంతో బల్లి కూడా చావదు మౌసీ" అని నవ్వేడు. నవ్వనీ, నువ్వు ప్లగ్గు పీకు.

6. మొదటి సాక్షి దేబాశిష్. తెలుగు చదవలేడు, లక్ష్మీనరసింహం గారు ఒడియాలో చెప్పేరు. రెండో సాక్షికి వీధంతా తిరిగేను. సూర్యారావు పేరు చెప్పగానే ఒకరికి కళ్లజోడు కనపడలేదు, ఇంకొకరికి పొయ్యిమీద పాలు పొంగేయి. ఇంటికొచ్చి ఏడుస్తూ కూచుంటే సూర్యారావు పెళ్లాం దుర్గాభవాని చోడిజావ పట్టుకొచ్చింది. కాయితం దాచబోయేను. అప్పటికే చదివీసింది. నా గుండె అక్కడే ఆగుతుందనుకున్నాను. "మీ అబ్బాయి అరిస్తే ఇంటికొచ్చి నా మీదే కదా అరుస్తారు, అలవాటే. పెన్నిలా ఇవ్వండత్తా" అంది. సాక్షికి ఆస్తి రాస్తే రేపు వంక పెడతారట. అందుకని దానికిందులో ఏమీ రాయలేదు. నా చేతి గాజులు ఇప్పుడే తీసి దాని చేతికి తొడిగేను.

రాయగడ, సోమవారం, 10 నవంబరు 2025.

కోట్ని బుల్లెమ్మ, చేవ్రాలు.

సాక్షులు, ఆమె మా కళ్లెదుట సంతకం చెయ్యగా చూసి మేమూ చేసినవి:
దేబాశిష్ (ఒడియాలో)
కోట్ని దుర్గాభవాని, సూర్యారావు భార్య