ఓవర్‌లాక్ మిషినీ, నా ఓర్వలేనితనం

శ్రీరాంపూర్

అవ్వకు, బాపుకు మీ బిడ్డ సుజాత శనార్తులు. బాపు మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? తమ్మునికి సాంచల మీద గుడ్డ నేసుడు రోజూ దొరుకుతుందా? మేమిక్కడ మంచిగనే ఉన్నం, ఫికర్ చెయ్యకుండ్రి. మీ అల్లుడు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కాడ లారీ నడుపుతుండు. చిన్నది బడికి పోతున్నది. ఎండలే మస్తుగున్నయ్. తీగ మీద ఆరేసిన తెల్లబట్ట పొద్దుమీకేసరికి బొగ్గు దుమ్ముకు బూడిదరంగైతది. గంతే, ఇంకేం కష్టం లేదు.

అవ్వా, ఈ ముచ్చట ఫోన్ల చెప్పుదామంటే నువ్వు అందరు వినేటట్టు పెడ్తవ్. నువ్వు కూడబలుక్కొని చదువుకునేటట్టు పెద్ద పెద్ద అక్షరాలు రాసిన. మరదలు చేతికి ఇయ్యకు.

మా పక్కింట్ల షాహీన్ అని ఉంటది, నాకంటె ఆరేండ్లు చిన్నది. నేనిక్కడికి వచ్చినకాన్నుంచి గల్లీల ఆడోళ్లకు జాకెట్లు, గౌన్లు నేనే కుట్టి ఇస్తుంటి. షాహీన్ ఓవర్‌లాక్ మిషిని తెచ్చుకున్నది. గా మిషిని గుడ్డ అంచును కోసుకుంటనే పోగులు ఊడకుండ అల్లుతది. ఇగ అందరు అటే పోయిండ్రు. "షాహీన్ కుట్టిన గౌను తిరగేసి చూడు, లోపల గూడ దుకాణంల కొన్నట్టే ఉంటది," అని ఎదురింటి లలిత నా మొఖం మీదనే అన్నది. నీ దగ్గర దాసుడెందుకు, ఓర్వలేక మండిపోయిన. గోడ అవతల గా మిషిని గర్రుమంటే నాకు బువ్వ దిగకపోయేది.

గా మంటల ఒక తప్పు చేసిన. "షాహీన్ కుట్లు రెండు ఉతుకులకే ఊడిపోతయట," అని లలితకు చెప్పిన. నేను చూసింది లేదు, విన్నది లేదు.

తర్వాత మీ అల్లుని పానం తిని, మంచిర్యాలల ఒక టైలర్ అమ్ముతుంటే పాత ఓవర్‌లాక్ తెప్పించుకున్న. నాలుగు దారాలు, రెండు సూదులు, లోపల వంకర చేతుల లెక్క రెండు కొక్కేలు, పక్కన కత్తి. ఒక దారం ఎక్కిస్తే ఇంకొకటి తెగుడే. మూడు వారాలు దాని మీద పాత చీర కప్పిపెట్టిన. "మస్తు కుడుతున్న" అని నీకు ఫోన్ల చెప్పిందంత అబద్ధమే అవ్వా.

ఒకనాడు మొండికేసి చిన్నదాని కొత్త గౌను పెట్టి తొక్కిన. గౌను ముందుభాగం మడతపడి కిందికి పోయింది చూడలే. కత్తి జానెడు కోసేసింది. చిన్నది శోకం తీసుకుంట ఏడ్చింది. షాహీన్ ఉరికొచ్చింది.

గౌను చూసి నవ్వలే. నవ్వితే నాకు కోపమన్న వచ్చేది. "సుజాతక్కా, నేను గూడ మొదట్ల మా అమ్మీ బుర్ఖా గిట్లనే కోసిన," అన్నది. "నువ్వు సూదిని చూస్తున్నవ్. కత్తిని చూడాలె. కత్తి కాడికి రాకముందే గుడ్డ కింద చెయ్యిపెట్టి తడుముకో."

నాలుగు మధ్యాహ్నాలు నేర్పింది. దారం ఎక్కించేముందు గుడ్డను అదిమిపట్టే మిషిని పాదం పైకి లేపాలె, లేకుంటే బిగువు బిళ్లల నడుమ దారం కూసోదు. ముందుగాల కొక్కేలకు, ఆఖరుకు సూదులకు. బిగువు మార్చాలంటే ఒక్కొక్క చక్రమే తిప్పి, పీలిక మీద కుట్టి చూసుకోవాలె. ఆమె వేళ్లు గంత అలకగ తిరుగుతుంటే నాకు నేర్చుకునుడు కంటె కుళ్లే ఎక్కువైతుండె. ఆమెకు ఎవ్వలు నేర్పలేదట!

నాలుగో నాడు ఆగలేకపోయిన. "షాహీన్, నీ కుట్లు ఊడిపోతయని చెప్పింది నేనే."

ఆమె దారం కత్తిరించుకుంటనే, "తెలుసక్కా. లలిత వచ్చి గట్టిగ గుంజి చూసింది. ఊడలే," అన్నది.

గుడ్డను నా ముందటికి జరిపి, "పాదం దించు, కుట్టు," అన్నది.

ఇప్పుడు భయం పోయింది. చిన్నదాని గౌనుకు కోసుకుపోయిన కాడ వేరే రంగు పట్టీ వేసి బాగుచేసిన. నైటీలు, లంగలు, దిండ్ల గలీబులు అన్ని దాని మీదనే. లలిత గూడ మొన్న రెండు గుడ్డలు ఇచ్చిపోయింది.

నిన్న షాహీన్ నేను కుట్టిన గౌను తిరగేసి, మెడ కాడ బొటనవేలుతోటి తడిమింది. ఆమె కుట్టే మెడలు జర ముడుతలు పడ్తయ్, నేనెప్పుడో కనిపెట్టిన. "గింత సాపుగ ఎట్లొచ్చింది అక్కా?" అని అడిగింది. సాంచల నడుమ పుట్టినదాన్ని, గుడ్డ ఏ దిక్కు సాగుతదో నా చేతికి ఎరుకే. వంపును గుంజకుండ, కత్తి ముందట తిన్నగ సాపు చేసుకుంట పోతే చాలు. గా ఒక్క ముచ్చటన్న నాకొక్కదానికే ఉండాలనిపించింది అవ్వా, నిజం చెప్తున్న. "ఉండు, ఛాయ్ పెడ్త," అని లేచిన. మరిగించిన, పోసిన, ఇద్దరం తాగినం. గిన్నె గూడ కడిగిన. అప్పుడు చెప్పిన.

తమ్మునితోటి సాంచల కాడి పీలికలు ఒక సంచెడు పంపియ్యి, కుట్టి చూసుకునేందుకు. షాహీన్‌కు గూడ కావాలట. సగం ఇస్తనన్న. సగం కంటె జర తక్కువనే ఇస్త.

పెద్దవ్వకు, మేనత్తకు శనార్తులు. మరదలును అడిగిన అను. మీ ఇద్దరి కాళ్లు మొక్కుతున్న. నా బుద్ధి సక్కగుండేటట్టు దీవించుండ్రి.

మీ బిడ్డ
సుజాత