నల్లగా నింపిన రెండు గడులు

తాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ హన్మకొండలో మా కాలేజీ జెనెటిక్స్ ప్రాక్టికల్లో, రంగు చుక్కల మధ్య దాగిన అంకె చదవమన్నారు. అందరూ చదివారు. నాకు కనబడలేదు.

పండుమిర్చి తెమ్మంటే నువ్వు పచ్చిమిర్చి తెచ్చేవాడివి. "కండ్లు యాడవెట్టినవ్ నాయినా?" అనేది అమ్మ. ఆ తేడా నాకూ తెలిసేది కాదు. అయినా అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

తర్వాత మన వంశవృక్షం గీయమన్నారు. మగవాళ్ళకు గడి, ఆడవాళ్ళకు సున్నా. రంగుల తేడా తెలియనివాళ్ళ గడి నల్లగా నింపాలి. పేజీ మొత్తంలో నిండినవి నీదీ నాదీ, రెండే.

మేడం వంగి చూశారు. "మంచిగ గీసినవ్. తాత లేకుంటే ఆ గడి మీద అడ్డగీత గియ్యాలె. ఉన్నడా?"

పెన్నుకు మూత పెట్టేశాను.

"పాలకుర్తిల ఉన్నడు మేడం."