చేతులు వెనక్కి కట్టుకున్న ముసలి విద్యార్థి

కట్టుడు పళ్ళ శాఖ పెద్ద డాక్టరు గారికి నమస్కారాలు.

నేను రిటైరైన డ్రిల్లు మాస్టార్ని. మీ దంతవైద్య కళాశాలలో చివరి ఏడు చదువుతున్న అమ్మాయి నాకు కింది పళ్ళ సెట్టు చేస్తోంది. అది కుదిరితేనే ఆ పిల్ల పరీక్ష పాసవుతుందట. నా గొడవ వేరు. మా పాత స్కూలువాళ్ళు పరుగుపందేన్ని నన్నే మొదలుపెట్టమన్నారు. పై కట్టుడు పళ్ళకీ కింది బోసి చిగురుకీ మధ్య విజిల్ పెడితే ఊదకముందే ఒళ్ళో పడుతోంది!

అసలు సంగతికొస్తాను. నిన్న ఆ అమ్మాయి పళ్ళ కొలతకని నా నోట్లో పెట్టిన మైనం సరిచేస్తుంటే, వెనక ఒక తెల్లజుట్టు మనిషి నిలబడ్డాడు. ఆయన చెయ్యి ఊరికే ముందుకొస్తోంది. ఆ పిల్ల, "సార్, చేతులు!" అంది. పాపం, ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ చాచాడు. మళ్ళీ "సార్, చేతులు!" పెద్దవాడని మర్యాదకి సార్ అంటున్నారు కాబోలు. ఎన్నేళ్ళుగా తప్పుతున్నాడో! తల పండింది గాని చదువు పండలేదు. ఈసారైనా దయతలచి గట్టెక్కించండి.

ఇట్లు,
నోరు తెరిచి కూర్చున్న మీ పేషెంటు

తా.క.: నోట్లో మైనం ఉండబట్టి అక్కడే అడగలేకపోయాను. లేకపోతే నేను ఊరుకునే రకం కాదు.

*

డ్రిల్లు మాస్టారు గారికి,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదువుకున్నాను.

ఈ ఏడు మా శాఖలో పాఠాలు చెప్పేవాళ్ళూ చదువుకునేవాళ్ళూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని కొన్ని నియమాలు రాసుకున్నాం. పిల్లల ఫిర్యాదు ఒక్కటే. "మేం పని మొదలుపెడతాం, ఎవరో వచ్చి చేతిలోది లాక్కుని పూర్తిచేస్తారు. పాసవుతున్నాం గాని పని రావడంలేదు" అన్నారు. అందుకని ఒకరు పనిచేస్తుంటే పక్కవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకోవాలి. అడిగితేనే నోరు విప్పాలి. పేషెంటుకు ప్రమాదమైతేనే చెయ్యి పెట్టాలి.

మీరు చెప్పిన మనిషి నాకు బాగా తెలుసు. బుద్ధిమంతుడే, కాస్త చేతి దురద.

మీ శ్రేయోభిలాషి,
శాఖ పెద్ద

తా.క.: ఆయనకి డిగ్రీ ఉందనే నా నమ్మకం. గోడకి వేలాడుతుండగా చూశాను.

*

పెద్ద డాక్టరు గారూ,

దండాలు తర్వాత, ముందు నా కోపం వినండి. పళ్ళు పటపటా కొరుకుదామంటే అవి ఇంకా మీ దగ్గరే ఉన్నాయి.

ఇవాళ మైనంలో గుచ్చిన పళ్ళు పెట్టి చూస్తే ఎడమవైపు ఎత్తుగా వచ్చాయి. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే మన ముసలి విద్యార్థి చెయ్యి నా మీసం దాకా వచ్చేసింది! డ్రిల్లు మాస్టారు చూపు ఒకటి విసిరాను. చెయ్యి వెనక్కిపోయింది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, ఆలోచించి, మైనం గీకి, తనే సరిచేసింది. భలే కుదిరింది!

ఆయనకి నా మాటగా చెప్పండి. పరుగు నేర్పేవాడు పిల్లాడి బదులు తనే పరిగెడితే, పతకం ఎవరి మెళ్ళో వేస్తారు? మళ్ళీ చెయ్యి చాస్తే జాలిపడకుండా ఇంకో ఏడు అక్కడే కూర్చోబెట్టండి.

ఉంటాను,
డ్రిల్లు మాస్టారు

తా.క.: నా రెండో విజిల్ పంపుతున్నాను. దురద పుట్టినప్పుడల్లా వెనక గట్టిగా పట్టుకోమనండి. ఊదొద్దనండి.

*

గౌరవనీయులైన మాస్టారికి,

మీ ఉత్తరం మా సమావేశంలో చదివి వినిపించాను. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం తలవంచుకుని విన్నాడు.

రేపే పరీక్ష. బయటినుంచి పరీక్షకుడు వస్తున్నాడు. కొత్త పళ్ళు చిగురుకి ఒరుసుకుంటే, అక్కడికక్కడే సరిచేయలేకపోయిందో, అమ్మాయి తప్పినట్టే. ఆ మనిషి చెయ్యిపడితే చిటికెలో పని. పడకపోతే ఏమవుతుందోనని నాకు అన్నం సయించడంలేదు. మీరేమంటారో ఈ ఉత్తరం తెచ్చినతని చేతే రాసి పంపండి.

మీ వాడు,
శాఖ పెద్ద

తా.క.: విజిల్ అందింది. అప్పుడే ఆయన అరచేతిలో దాని అచ్చు పడింది.

*

పెద్ద డాక్టరు గారికి,

వద్దు. చేతులు వెనక్కి!

ఇట్లు,
మాస్టారు

తా.క.: పళ్ళు నావి, నోరు నాది, పరీక్ష ఆ పిల్లది. మధ్యలో ఆయనకెందుకండీ భయం?

*

మా మాస్టారికి,

పాసైంది! మీరూ అక్కడే ఉన్నారు, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. పళ్ళు పెట్టగానే మీరు "అబ్బా" అన్నప్పుడు పరీక్షకుడు ఆ తెల్లజుట్టు మనిషి వైపు చూశాడు. ఆయన కదల్లేదు. "ఎక్కడ నొప్పి, తాతగారూ?" అని అమ్మాయే అడిగింది, అరగదీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. చివరికి మీరు జేబులోంచి విజిల్ తీసి ఊదారు చూడండి! వరండాలో జనం పరుగెత్తుకొచ్చారు. పరీక్షకుడు చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక దాచలేను. ఆ ముసలి విద్యార్థి నేనే. సిగ్గుపడి చెప్పలేదు. క్షమించండి.

చేతులు కట్టుకునే,
శాఖ పెద్ద

తా.క.: ఇన్నేళ్ళ సర్వీసులో నేను ముట్టని మొదటి సెట్టు మీది. నేను చేసినవాటికంటే బాగుంది. ఈ మాట ఎవరికీ చెప్పకండి.

*

నా ప్రియమైన ముసలి విద్యార్థికి,

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. మొదటిరోజే తెలుసు నాకు! మీరు గదిలోకి రాగానే నర్సమ్మ నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ లేచి నిలబడ్డారు. పరీక్ష తప్పినవాడికి ఎవరు లేస్తారండీ?

మీరు వెనక వచ్చి నిలబడగానే, ఆ పిల్ల నా నోరు వదిలేసి మీ మొహంకేసి చూసింది. "పెద్ద డాక్టరు గారూ, తమరు చేతులు తియ్యండి" అని రాస్తే మీరు వినేవారా? చెత్తబుట్టలో పడేసేవారు. అందుకే ఆ ముసలి విద్యార్థికి బుద్ధి చెప్పమని మిమ్మల్నే బతిమాలాను. మీరు చెప్పారు, ఆయన విన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే.

నిన్న పందెం మొదలైంది. ఆ పిల్ల కూడా చూడ్డానికొచ్చి గీత పక్కన నిలబడింది. విజిల్ పళ్ళమధ్య బిగించి ఊదాను. పిల్లలు పరిగెత్తారు. నేను అక్కడే నిలబడి చూశాను.

విజయోస్తు,
డ్రిల్లు మాస్టారు

తా.క.: పై సెట్టు కూడా ఊగుతోంది. ఆ పిల్ల చేతే చేయించండి. మీరు వెనక నిలబడండి. విజిల్ తిరిగివ్వక్కర్లేదు, పాసైనవాళ్ళకి నేనిచ్చే బహుమతి అది.