గువ్వకు నాలుగేళ్ళు

అమ్మకు,

నమస్కారాలు. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, తమ్ముడూ, మరదలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను. మోకాలినొప్పి తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో మానేయకు.

తిండి సంగతి అడిగావు. దానికి లోటు లేదు. ఈ దీవిలో ఉక్క మాత్రం చెప్పనలవి కాదు. ఉప్పుగాలికి చేతిలో తాపీ కూడా వారం తిరక్కుండా తుప్పు పడుతోంది. మేం బాగుచేస్తున్న ఈ పాత జైలును జనానికి తెరిచి నెల దాటింది. రోజూ మూడు లాంచీల నిండా దిగుతున్నారు. ఒకప్పుడు సంకెళ్ళేసి ఈడ్చుకొచ్చిన చోటికి ఇప్పుడు టికెట్టు కొనుక్కుని, టోపీలు పెట్టుకుని మరీ వస్తున్నారు. మొన్నామధ్య ఉరికొయ్య దగ్గర ఒకాయన, "కాస్త నవ్వవే, ఫొటో బాగా రావాలి" అన్నాడు భార్యతో. ఆవిడ నవ్వింది కూడా.

తాతయ్యను ఏ గదిలో ఉంచారో తెలిసిందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. "ఇంకా వెతుకుతున్నారు" అని రాశాను. అబద్ధం. అప్పటికి నేనెవర్నీ అడగలేదు. అడగడానికి భయమేసింది. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ప్రారంభోత్సవానికి వారం ముందు రెండో అంతస్తులో ఒక గదికి పూత వేయమని నన్ను పంపారు. సముద్రం కనపడని వైపు గది. పాత సున్నం గీకుతుంటే నేలకు జానెడు ఎత్తున, మేకుతో గీసిన అక్షరాలు బయటపడ్డాయి. మన అక్షరాలే. "గువ్వ పుట్టిందట" అని ఒక వరుస. దాని కింద "గువ్వకు ఏడాది". తర్వాత రెండేళ్ళు, మూడేళ్ళు. "గువ్వకు నాలుగేళ్ళు" దగ్గర ఆగిపోయింది.

మేస్త్రీని పిలిచాను. మన అక్షరాలు చదవడం రాని ఆయన వంగి చూశాడు.

"ఏం రాశాడు?"

"కూతురి వయసు రాసుకున్నాడండీ ఎవరో. ఇంతవరకు వదిలేద్దాం."

"గోడలన్నీ నున్నగా ఉండాలని పైనుంచి ఆర్డరు. నీకు పని కావాలా, గోడ కావాలా?"

తాపీ చేతిలోకి తీసుకున్నాను. గువ్వ అని పిలుచుకునే పిల్లలు ఊరికొకరు ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, సిమెంటు కలిపి మెత్తేశాను. ఆ సాయంత్రం నా పనితనం చూసి మేస్త్రీ అందరి ముందూ మెచ్చుకున్నాడు. సంతోషపడ్డాను కూడా.

వచ్చే నెల చూడ్డానికి వస్తానని నువ్వు రాశాక ఇక తప్పలేదు. శుక్రవారం రికార్డు గది గుమస్తాను అడిగాను. పాత రిజిస్టరు తీసి చూపించాడు. తాతయ్య పేరుకు ఎదురుగా అదే గది నంబరు. జైలుకొచ్చిన ఐదో ఏట జ్వరంతో పోయినట్టు పక్కన ఒక్క ముక్క.

"నేను పుట్టానని కూడా తెలీకుండానే పోయాడు మా నాన్న" అని నువ్వెన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నావో నాకు తెలుసు. నువ్వు పుట్టాక అమ్మమ్మ రాసిన ఉత్తరం ఆయనకు అందలేదనే అనుకున్నాం. అందిందమ్మా. నీ ముద్దుపేరు ఆయనకు తెలుసు. నీకెన్నేళ్ళో తెలుసు. ఆ రాత చదివిన ఆఖరి మనిషిని నేనే. దాన్ని పూడ్చిపెట్టిందీ నేనే.

సోమవారం లాంచీలు రాకముందే ఉలీ సుత్తీ పట్టుకుని ఆ గదికి వెళ్ళాను. సిమెంటు పెళ్ళలుగా ఊడింది. దాన్ని అంటుకుని పాత సున్నమంతా రాలిపోయింది. ఒక్క అక్షరం మిగల్లేదు, వట్టి ఇటుకలు. చప్పుడు విని మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు.

"పిచ్చిపట్టిందా నీకు?"

"ఈ గదిలో ఉన్నది మా తాతయ్య."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

పనిలోంచి తీసేశారు. తీసేయకపోయినా అక్కడ ఉండలేను.

నువ్వు ఇంత దూరం రాకు. చూడ్డానికి నేనేమీ మిగల్చలేదు. ఈ ఉత్తరం అందిన వారానికి ఇంటికొస్తాను. ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పే ధైర్యం లేక ముందే రాస్తున్నాను. తలుపు తీయాలో వద్దో నువ్వే ఆలోచించుకో.

ఇట్లు,
నీ కూతురు