రెండో కుళ్లాయప్ప

జూన్ 12, 2002
మా మండలాఫీసులో రైతులకిచ్చే విత్తన శెనక్కాయల జాబితాలో ఒకే పేరు రెండేసి సార్లు వస్తోంది, సాయంత్రానికల్లా డూప్లికేట్లు తీసేయమన్నారు సార్. పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ ఒకటైతే ఒక్కటే ఉంచే సెలెక్ట్ డిస్టింక్ట్ క్వెరీ కంప్యూటర్లో కొట్టాను. 4,112 కాస్తా 3,860 అయింది. పది నిమిషాల పని! సార్ టీ తెప్పించారు. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారంట.

జూన్ 16
జాబితా మీద సంతకాలయ్యాయి. కాయలు పంచుతున్నారు. కంబదూరు వైపు మంచి వాన.

జూన్ 21, ఉదయం 11
ఒకాయన వచ్చాడు. కుళ్లాయప్ప, తండ్రి ఓబుళేసు. మీకు కాయలిచ్చేశారు కదా అన్నాను. ఇచ్చింది మాయన్నకమ్మా, ఆయప్పా కుళ్లాయప్పే అన్నాడు. గూగూడు కుళ్లాయప్ప స్వామికి మొక్కుకుంటే పుట్టినామని మా నాయన ఇద్దరికీ ఆ పేరే పెట్టినాడు, ఆయప్ప పెద్ద, నేను చిన్న అన్నాడు.

ఫారాలు తీసి చూశాను. వాటిలో పెద్ద, చిన్న అని రాసే ఉన్నాయి. అవి టైపు చేయొద్దన్నది నేనే, కాలమ్ చాలదని. మా ఇంట్లోనే ఇద్దరు చౌడేశ్వరులం, నేనూ మా పెదనాయన కూతురూ. నాకు తెలియని సంగతా ఇది?

సాయంత్రం
పొలం సర్వే నంబరు కూడా కలిపి మళ్లీ నడిపాను. తీసేసిన 252లో నిజం డూప్లికేట్లు 31. మిగతా 221 మనుషులు.

జూన్ 22
సార్‌కి చెప్పాను. తలుపు వేయమన్నారు. సంతకాలైన జాబితా తెరిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, నోరు మూసుకోమన్నారు. నాయన మందులు నా జీతంతోనే. మూసుకున్నాను.

జూన్ 24
చిన్న కుళ్లాయప్ప రోజూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటున్నాడు. తిట్టడు. రెండు దినాల్లో నేల పదును ఆరిపోతాదమ్మా, ఎప్పుడిస్తారు అంటాడు. రేపు రమ్మంటాను. ఛీ, నా మీద నాకే అసహ్యం.

జూన్ 25
తప్పు నాదేనని కాగితం రాసి, 221 పేర్లూ జతచేసి సార్ చేతికిచ్చాను. చదివి, సొరుగులో పెట్టి తాళం వేశారు.

జూన్ 27
ఎండ మండిపోతోంది. పదును పోయిందమ్మా అన్నాడు చిన్న కుళ్లాయప్ప. అన్న తన కాయల్లో సగం మొన్ననే ఇచ్చినాడంట, ఇప్పుడు ఇద్దరి చేన్లూ సగం బీడే. నీళ్లడిగి తాగాడు. నీదేం తప్పుండాది లే తల్లీ అని వెళ్లిపోయాడు. బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

జులై 9, మధ్యాహ్నం 3
పింఛన్ల జాబితా వచ్చింది. అదే క్వెరీ కొట్టమన్నారు. మొదటి పేజీలోనే రామక్క, రామక్క. ఎంటర్ నొక్కలేదు. సార్ రెండోసారి పిలుస్తున్నారు.